ఉప్పునీటిలో తిరిగే ఔట్‌బోర్డు ఇంజన్: ఆయిల్ పరిస్థితి కనిపెట్టే ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ మూడో వారం

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా వేట నిషేధం. బోట్లు ఒడ్డెక్కాయి. ఇంజన్లు విప్పి చూసుకునే తీరిక యజమానులకు ఉండేది ఈ రెండు నెలలే కాబట్టి ఈ పని ఇప్పుడే మొదలుపెడుతున్నాను. మాది కాకినాడకు ఉత్తరాన ఒక తీరగ్రామం. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను, మా బాబాయి వేటకు వెళతాడు. మా ఊళ్ళో ఫైబర్ బోట్లలో చాలావాటికి డీజిల్ ఇంజన్లే ఉన్నాయి. బాబాయి బోటుకు మాత్రం 25 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ పెట్రోలు ఔట్‌బోర్డు, అంటే బోటు వెనక బయటివైపు బిగించే ఇంజన్ ఉంది. టూస్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలిపోతుంది కాబట్టి దాన్ని పరీక్షించే ప్రశ్నే రాదు. ఫోర్‌స్ట్రోక్‌లో రెండు లీటర్లకు లోపు ఆయిల్ నెలల తరబడి అదే ఇంజన్‌లో తిరుగుతుంది. దాని పరిస్థితి బయటి నుంచి ఎలా తెలుసుకోవాలన్నదే ఈ ప్రాజెక్టు.

కారు ఇంజన్ గురించి రాసిన సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. కారులో నీళ్ళు రేడియేటర్ గుండా తిరిగి మళ్ళీ వస్తాయి, ఇంజన్ 80, 90 డిగ్రీల దగ్గర నడుస్తుంది. ఔట్‌బోర్డు సముద్రపు నీటినే పీల్చి, సిలిండర్ల చుట్టూ తిప్పి, బయటికి వదిలేస్తుంది. నీరు మరీ వేడెక్కితే అందులోని లవణాలు దారుల్లో గడ్డకడతాయి. అందుకే చాలా ఔట్‌బోర్డుల్లో థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటి దారి తెరిచే కవాటం) 50, 60 డిగ్రీల దగ్గరే తెరుచుకుంటుంది. ఇంజన్ చల్లగా నడిచినందుకు ఆయిల్ మూల్యం చెల్లిస్తుంది. సిలిండర్ గోడ మీద ఆవిరి కాకుండా మిగిలిన పెట్రోలు పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. దహనంలో పుట్టిన నీటి ఆవిరి కూడా పూర్తిగా బయటికి పోదు. వల లాగేటప్పుడు గంటల కొద్దీ ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూ ఉంటే ఇవి రెండూ పెరుగుతాయి.

మూడోది సముద్రపు నీరే. హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్ కింద నీరు కారకుండా ఉండే పొర) పాడైనా, ఎగ్జాస్ట్ కవర్ లోపల అల్యూమినియాన్ని ఉప్పు తినేసినా ఉప్పునీరు నేరుగా ఆయిల్‌లోకి దిగుతుంది. పెట్రోలు కలిసిన ఇంజన్ కొంతకాలం ఓర్చుకుంటుంది. ఉప్పునీరు చేరితే బేరింగులకు తుప్పు మొదలవుతుంది. కాబట్టి ఆయిల్ చెడిందా లేదా అని తెలిస్తే చాలదు, ఏది కలిసి చెడిందో తెలియాలి.

ఏప్రిల్ చివరి రోజులు

సెన్సర్‌ను ఇంజన్ లోపలే బిగించాలని చాలామంది స్నేహితులు అన్నారు. డ్రైన్ బోల్టు స్థానంలో సెన్సర్ ఉన్న బోల్టు పెడితే సముద్రంలో ఉండగానే సంఖ్య కనిపిస్తుంది కదా అని వారి వాదన. నేను ఒప్పుకోలేదు. అలల దెబ్బకు, ఇంజన్ అదురుకు ఆ బోల్టు దగ్గర సన్నని చీలిక వచ్చిందంటే తీరానికి దూరంగా ఆయిల్ మొత్తం కారిపోతుంది. ఆయిల్‌ను కాపాడటానికి పెట్టిన వస్తువు ఇంజన్‌నే ముంచకూడదు. అందుకే సెన్సర్ ఒడ్డునే, ఒక చిన్న స్టీలు కప్పులో ఉంటుంది. ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, ఉండే గొట్టంలోంచి సన్నని పైపు దింపి, సిరంజితో 30 మిల్లీలీటర్లు లాగి అందులో పోయడమే. తీసినంత కొత్త ఆయిల్ ఇంజన్‌లో పోసి పుస్తకంలో రాసుకోవాలి. వాడిన నమూనా తిరిగి ఇంజన్‌లోకి వెళ్ళదు.

పనిచేసే సూత్రం ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లోనిదే. ఎదురెదురుగా ఉన్న రెండు లోహపు పలకల మధ్య ఏ పదార్థం ఉందో దాన్నిబట్టి కెపాసిటెన్స్, అంటే అవి విద్యుదావేశాన్ని నిలవ చేసుకునే సామర్థ్యం, మారుతుంది. ఆ పదార్థపు రోధక స్థిరాంకం ఎంత ఎక్కువైతే అది అంత ఎక్కువ. గాలికి విద్యుత్ రోధక స్థిరాంకం సుమారు 1, ఇంజన్ ఆయిల్‌కు 2.2 దగ్గర, నీటికి దాదాపు 80. ఈ అంతరం మీదే నా ఆశ.

స్టెయిన్‌లెస్ స్టీలు పలకలు రెండు తీసుకున్నాను. ఒక్కోటి 4 సెంటీమీటర్లు వెడల్పు, 5 సెంటీమీటర్లు పొడవు, మధ్యలో టెఫ్లాన్ ముక్కలతో 1 మిల్లీమీటరు ఎడం. లెక్క ప్రకారం గాలిలో 17.7 పికోఫారడ్లు (కెపాసిటెన్స్ కొలిచే చిన్న యూనిట్), ఆయిల్‌లో 39 దగ్గర రావాలి. కొలవడానికి ఎఫ్‌డీసీ1004 చిప్. అది ప్లస్ ఆర్ మైనస్ 15 పికోఫారడ్ల పరిధిలోనే కొలుస్తుంది, కానీ దాదాపు 100 పికోఫారడ్ల వరకు మూల విలువను తీసివేసే సదుపాయం లోపలే ఉంది. 3.125 పికోఫారడ్ల మెట్లతో 37.5 తీసివేస్తే మిగిలిన చిన్న తేడాను చాలా సూక్ష్మంగా చూపిస్తుంది. పక్కనే ఉష్ణోగ్రతకు డీఎస్18బీ20 సెన్సర్, రెండింటినీ చదివి మెమరీ కార్డులో రాయడానికి ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు. పలకల నుంచి చిప్ వరకు తీగ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. చెయ్యి దగ్గరికి తెస్తేనే సంఖ్య కదులుతుంది. తీగ చుట్టూ ఉన్న కవచాన్ని చిప్‌లోని షీల్డ్ పిన్నుకు కలిపాక ఆ కదలిక ఆగింది.

మే మొదటి వారం

ఈ వారమంతా కొలత సరిచూడటానికే సరిపోయింది. ఆయిల్ 10డబ్ల్యూ-30 (ఇది చిక్కదనం గ్రేడు), సముద్రపు ఇంజన్ల కోసం ఎఫ్‌సీ-డబ్ల్యూ ధ్రువీకరణ ఉన్నది. అమెరికాలోని బోటు, ఇంజన్ తయారీదారుల సంఘం ఎన్‌ఎంఎంఏ ఇచ్చే ఆ గుర్తు రావాలంటే తుప్పు పరీక్షలో, చిక్కదనం నిలుపుకునే పరీక్షలో ఆయిల్ నెగ్గాలి. కారు ఆయిల్ డబ్బా చవక అని అది పోసేవారికి నేను చెప్పే మాట ఇదొక్కటే: డబ్బా మీద ఆ అక్షరాలు ఉన్నాయో లేదో చూడండి.

ముందు ఉష్ణోగ్రత. ఆయిల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది, పలకల మధ్య పదార్థం పలచబడుతుంది, కెపాసిటెన్స్ తగ్గుతుంది. డిగ్రీకి సుమారు 0.05 శాతం. వినడానికి చిన్నదే. కానీ 20 డిగ్రీల తేడాకు అది ఒక శాతం, అంటే 0.4 పికోఫారడ్ వరకు కిందికి. ఇప్పుడు నీటి సంగతి: సన్నని బిందువులుగా చెదిరిన నీరు ఒక శాతం ఉంటే కెపాసిటెన్స్ సుమారు 3 శాతం, అంటే 1.2 పికోఫారడ్ పైకి. ఈ రెండు సంఖ్యలు పక్కపక్కన పెట్టి చూస్తే అసలు ప్రమాదం తెలుస్తుంది. చల్లటి ఉదయం కొత్త ఆయిల్ కొలిచి, వేడి ఇంజన్ నుంచి తీసిన నమూనాతో పోలిస్తే మూడోవంతు శాతం నీరు కనిపించకుండా దాక్కుంటుంది. ఇంజన్ ఆయిల్‌లో 0.2 శాతం నీరు దాటితేనే హెచ్చరికగా తీసుకోవడం మామూలు. ఉష్ణోగ్రత సవరణ లేని సెన్సర్ ఇక్కడ ధైర్యం చెప్పి ముంచుతుంది. నేను కప్పును 40 డిగ్రీల నీటి తొట్టెలో ఉంచి, లోపలి ఉష్ణోగ్రత నిలకడగా నిలిచాకే సంఖ్య రాస్తున్నాను.

తర్వాత సముద్రపు నీరు కొలిచి కలిపి, మూత బిగించి బాగా కుదిపి నమూనాలు చేశాను. 0.1, 0.5, ఒక శాతం. 0.5 నుంచి సంఖ్య సందేహం లేకుండా లేస్తోంది. 0.1 దగ్గర పెరుగుదల ఉంది కానీ గాలి బుడగలు దాన్ని సులువుగా మింగేస్తాయి. బుడగలు పోయేదాకా ఆగాలి, మరీ ఆగితే నీరు అడుగుకు దిగుతుంది. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది కాబట్టి పెద్ద చుక్క రెండు పలకలకూ తగిలితే సంఖ్య ఒక్కసారిగా ఎగిరిపోతుంది. ఆ ఎగరడాన్ని శాతంగా చదవకూడదు. దాని అర్థం ఒక్కటే: నీరు విడిగా ఉంది, కొలత ఆపి నమూనాను కంటితో చూడు.

సెన్సర్‌కు సాక్షిగా పాత పద్ధతి కూడా పక్కన పెట్టుకున్నాను. ఇనుప రేకును 150 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి ఒక చుక్క ఆయిల్ వేస్తే, నీరుంటే చిటపటమంటుంది, లేకపోతే ఊరికే పరుచుకుంటుంది. కళ్ళద్దాలు పెట్టుకుని, ఆరుబయట, పెట్రోలు డబ్బాలకు దూరంగా చేయాలి. పెట్రోలు వాసన వచ్చే ఆయిల్‌ను వేడి రేకు మీద అసలే వేయకూడదు.

మే మూడో వారం

పెట్రోలు వంతు. కొత్త ఆయిల్‌లో 2 శాతం, 5 శాతం కలిపి కప్పులో పోశాను. సెన్సర్ దాదాపు కదలలేదు. ఇది ఊహించిందే. హైడ్రోకార్బన్ పెట్రోలు స్థిరాంకం సుమారు 2, ఆయిల్‌ది 2.2. రెండూ ఒకే జాతి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది, ఇథనాల్ స్థిరాంకం 24 చుట్టూ ఉంటుంది కాబట్టి కొంత పైకి లాగాలి. కానీ ఇంజన్ వేడికి ముందుగా ఎగిరిపోయే భాగాల్లో ఇథనాల్ ఒకటి, పైగా అది తేమను పట్టుకుంటుంది. అందువల్ల ఆ స్వల్ప పెరుగుదలను నమ్మి ఇంత పెట్రోలు ఉందని చెప్పలేను. ఈ కప్పు నీటిని చూస్తుంది, పెట్రోలును చూడదు. ఈ వాక్యం కప్పు మీద చీటీగా అంటించాను, రేపు ఎవరు వాడినా తెలియాలి.

పెట్రోలును పట్టించేది చిక్కదనం. సూది తీసేసిన సిరంజి కొనకు సన్నని గొట్టం బిగించి, రెండు గీతల మధ్య ఆయిల్ కారడానికి పట్టే సమయం చూస్తున్నాను. ఇక్కడ కూడా ఉష్ణోగ్రతే రాజు: 40 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ తేడాకు ఈ ఆయిల్ చిక్కదనం నాలుగు శాతానికి పైగా మారుతుంది. అదే నీటి తొట్టెలో, అదే గొట్టంతో, కొత్త ఆయిల్ పక్కనే పెట్టి పోల్చాలి. 2 శాతం పెట్రోలుకు సమయం స్పష్టంగా తగ్గింది. 5 శాతానికి దాదాపు మూడోవంతు పోయింది. రూపాయల్లో చూస్తే ఈ సిరంజి సెన్సర్ ఖర్చులో వందోవంతు కూడా ఉండదు, కానీ మా ఇంజన్ విషయంలో దీనికే ఎక్కువ పని పడుతుందని నా నమ్మకం.

ఫిల్టర్ కాగితం మీద చుక్క వేసి వలయాలు చూసే పద్ధతి కూడా ప్రయత్నించాను. మసి ఎక్కువ చేరే డీజిల్ ఇంజన్లకు అది బాగా నప్పుతుంది. ఇక్కడ పెద్దగా చెప్పలేదు, వదిలేశాను.

జూన్ మొదటి వారం

ఆయిల్‌లో నీరు ఉందని తేలితే, అది గాలిలోని తేమా, దహనపు ఆవిరా, సముద్రమా? మొదటి రెండింటికీ మందు ఇంజన్‌ను కాసేపు బాగా వేడెక్కేలా నడపడం, ఆయిల్ మార్చడం. మూడోదైతే ఇంజన్ విప్పాల్సిందే. తేడా ఉప్పులో ఉంది.

20 మిల్లీలీటర్ల ఆయిల్‌లో 40 మిల్లీలీటర్ల గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్ పోసి, బాగా కుదిపి, రాత్రంతా కదలకుండా ఉంచి, అడుగున తేరిన నీటిని సిరంజితో తీయాలి. ఆయిల్‌లో ఒక శాతం సముద్రపు నీరు ఉంటే అది 0.2 మిల్లీలీటరు. లీటరు సముద్రపు నీటికి 35 గ్రాముల ఉప్పు లెక్కన 7 మిల్లీగ్రాములు. అది 40 మిల్లీలీటర్లలో కరిగితే లీటరుకు 175 మిల్లీగ్రాములు. తాగునీళ్ళ ప్లాంటుల్లో వాడే మామూలు టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను చూపేది) దాన్ని హాయిగా చూపిస్తుంది! ఈ లెక్క కుదిరినప్పుడు నాకు కలిగిన ఆనందం చిప్ మొదటిసారి సంఖ్య చూపినప్పుడు కూడా కలగలేదు. ఏ తీరగ్రామంలోనైనా చేయగల పరీక్ష ఇది.

ఆయిల్‌లో కలిపే శుభ్రకారక రసాయనాల వల్ల కూడా కొంత సంఖ్య వస్తుంది. అందుకని కొత్త ఆయిల్‌తోనూ ఇదే పరీక్ష చేసి ఆ విలువ తీసివేయాలి. ఇంకా అనుమానం ఉంటే ఆ నీటిలో రెండు చుక్కలు సజల నైట్రికామ్లం, తర్వాత సిల్వర్ నైట్రేట్. తెల్లని అవక్షేపం వస్తే క్లోరైడ్ ఉన్నట్టే. అది కెమిస్ట్రీ ల్యాబులో, చేతికి గ్లవుజులతో చేసే పని.

జూన్ రెండో పక్షం

నిషేధం ముగిసింది. బాబాయి బోటులో ఆయిల్, ఫిల్టరు రెండూ మార్చి, మొదటి రోజునే మూల నమూనా తీశాం. స్పార్క్ ప్లగ్ తీగ చుట్టూ చుట్టే చిన్న గంటల మీటరు కూడా బిగించాను. తయారీదారుల పుస్తకాలు సాధారణంగా 100 గంటలకు ఒకసారి ఆయిల్ మార్చమంటాయి. ఎన్ని గంటలు నడిచిందో ఎవరూ రాసుకోనప్పుడు ఆ మాటకు అర్థం ఉండదు.

డిప్‌స్టిక్ చూసే పద్ధతి స్థిరపరిచాం. ఒడ్డుకు వచ్చాక ఔట్‌బోర్డును పైకి ఎత్తి పెడతారు. అలా ఎత్తినప్పుడు ఆయిల్ చోటు మారుతుంది. ఇంజన్‌ను నిలువుగా దించి, కొద్దిసేపు ఆగి, బోటు సమంగా ఉన్నప్పుడే చూడాలి. తుడిచి, మళ్ళీ ముంచి, గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లో రాయాలి.

జూలై

“ఆయిల్ చుక్క కూడా తగ్గడం లేదురా, ఇంజన్ బ్రహ్మాండంగా ఉంది” అని బాబాయి ఫోను చేశాడు. పుస్తకం తెరిచి చూస్తే తగ్గకపోవడం కాదు, పెరుగుతోంది. నెల మొదట్లో పై గీతకు కింద ఉన్న ఆయిల్ ఇప్పుడు గీతను దాటింది.

ఈ ప్రాజెక్టులో నేను అందరికీ చెప్పాలనుకునే విషయం ఇదే. ఆయిల్ తగ్గితే అందరూ కంగారు పడతారు, పెరిగితే సంతోషిస్తారు. మూసి ఉన్న ఇంజన్‌లో ఆయిల్ తనంతట తాను పెరగదు. పెరిగిందంటే ఆయిల్ కానిది ఏదో అందులో చేరుతోంది.

నమూనా తీశాం. డిప్‌స్టిక్ మీద పెట్రోలు వాసన ఘాటుగా ఉంది. కప్పులోని సెన్సర్ కొత్త ఆయిల్ విలువకు దగ్గరగానే చూపింది. ఉప్పు పరీక్షలో కొత్త ఆయిల్‌కు, దీనికి చెప్పుకోదగ్గ తేడా లేదు. సిరంజి సమయం మాత్రం పావువంతుకు పైగా తగ్గిపోయింది. నీరు కాదు, పెట్రోలు. సెన్సర్ ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే ఈ ఆయిల్‌కు మంచి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళం.

మరి పెట్రోలు ఎందుకు? చల్లని దేశాల సరస్సుల్లో తిరిగే ఔట్‌బోర్డులకు ఇది తరచుగా వచ్చే జబ్బు. మా సముద్రం జూలైలో 29 డిగ్రీల చుట్టూ ఉంటుంది, ఇంత తొందరగా పెరగకూడదు. సిలిండర్ హెడ్ మీద నల్ల టేపు ముక్క అంటించి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూశాం. టేపు ఎందుకంటే మెరిసే లోహం మీద ఆ థర్మామీటరు తక్కువ చూపిస్తుంది. అరగంట నడిచాక కూడా 42 డిగ్రీలే. థర్మోస్టాట్ విప్పితే కవాటం అంచున ఉప్పు పెళుసుగా గడ్డకట్టి, తెరుచుకున్న స్థితిలోనే ఇరుక్కుపోయి ఉంది. గిన్నెలో వేడినీళ్ళు, థర్మామీటరు పెట్టి పరీక్షించాం. వేడిలోనూ చల్లదనంలోనూ అది కదలలేదు. ఇంజన్ ఎప్పుడూ చలికాలపు తెల్లవారుజామున మొదలుపెట్టినట్టే నడుస్తూ వచ్చింది.

కొత్త థర్మోస్టాట్, గ్యాస్కెట్, కొత్త ఆయిల్. ఇవి వేశాక హెడ్ ఉష్ణోగ్రత 55 దాటి నిలబడింది.

ఆగస్టు

మాట ఊళ్ళో పాకింది. పక్క బోటు వాళ్ళు గేర్ ఆయిల్ తెచ్చారు. ప్రొపెల్లరు దగ్గర కింది గేర్‌బాక్సులోది వేరే ఆయిల్, ఇంజన్ ఆయిల్‌తో దానికి సంబంధం లేదు. సీసాలో చూస్తేనే తెలిసిపోయింది: పాలు ఎక్కువైన కాఫీ రంగు. సెన్సర్ అక్కరలేదు. ప్రొపెల్లరు విప్పితే షాఫ్టు చుట్టూ నైలాన్ వల దారం బిగుసుకుని సీలు అంచును కోసేసింది. వలల మధ్య తిరిగే బోట్లకు ఇది తప్పదు కాబట్టి, ప్రొపెల్లరు తరచూ విప్పి దారం తీసేయడమే రక్షణ. గేర్ ఆయిల్ చూడటానికి కింది స్క్రూ కొంచెం వదులు చేసి మొదట వచ్చే చుక్కలు పట్టుకోవాలి. నీరు బరువు, ఇంజన్ రాత్రంతా నిలువుగా నిలిచి ఉంటే ముందు అదే వస్తుంది. స్క్రూ బిగించేటప్పుడు కొత్త వాషరు వేయాలి.

గోదావరికి వరద వచ్చింది. కోరంగి మడ అడవుల వైపు, నదీముఖం దగ్గర నీరు ఎర్రగా ఉంది, ఉప్పు బాగా తగ్గింది. ఇది నా ఉప్పు పరీక్షను నేరుగా తాకుతుంది. లీటరుకు 35 గ్రాముల లెక్క ఈ నెలల్లో చెల్లదు. అదే మోతాదు నీరు ఆయిల్‌లోకి దిగినా మీటరు మీద సంఖ్య చాలా తక్కువ చూపుతుంది. అందుకే వరద నెలల్లో బోటు తిరిగిన చోటి నీటిని కూడా ఒక సీసాలో తెమ్మన్నాను. దాని టీడీఎస్‌తో పోల్చి లెక్క కట్టాలి. వరద కాలంలో ఉప్పు కనిపించలేదు అన్నంత మాత్రాన గ్యాస్కెట్ బాగున్నట్టు కాదు. కప్పులో నీరు కనిపించి ఉప్పు కనిపించకపోతే, అనుమానం అలాగే ఉంచుకుని మళ్ళీ నమూనా తీయాలి.

సెప్టెంబరు చివర

థర్మోస్టాట్ మార్చాక బాబాయి ఇంజన్‌లో డిప్‌స్టిక్ మట్టం నిలకడగా ఉంది. సిరంజి సమయం కొత్త ఆయిల్‌కు కొద్దిగా తక్కువ, అంతే. సెన్సర్ సంఖ్య నెమ్మదిగా పైకి పాకుతోంది కానీ ఉప్పు లేదు. వాడకంతో ఆయిల్ ఆక్సీకరణ చెందినా ఈ సంఖ్య పెరుగుతుంది, కాబట్టి మెల్లగా పెరిగితే ముసలితనం, ఒక్కసారి లేస్తే నీరు అని చదువుతున్నాను. ఆయిల్ బ్రాండు మారిస్తే ఈ పోలిక మొత్తం మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకే డబ్బా పేరు, కొన్న నెల పుస్తకం మొదటి పేజీలోనే రాయిస్తున్నాను.

అక్టోబరు

వల లాగుతూ నెమ్మదిగా నడిచే గంటలు ఎక్కువ కాబట్టి, 100 గంటలు కాకుండా 60 గంటలకే ఆయిల్ మార్చాలని నిర్ణయించాం. రెండు లీటర్ల లోపు ఆయిల్ ఖర్చు బేరింగుల ఖర్చు ముందు ఎంత? వేట నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీటితో ఇంజన్ లోపల కడగడం కూడా మొదలైంది. వేసవిలో మంచినీళ్ళకు ఊళ్ళో కటకట ఉంటుంది, అప్పటికి డ్రమ్ము వేరే ఏర్పాటు చేయాలి.

రెండో కప్పు తయారవుతోంది. ఈసారి పలకల ఎడం 1.5 మిల్లీమీటర్లు, బుడగలు సులువుగా పోతాయని. అది ఊళ్ళోని మెకానిక్ దగ్గర ఉంటుంది, సిరంజి, టీడీఎస్ మీటరుతో పాటు. ఆయన అడిగింది ఒక్కటే: సంఖ్యలు కాకుండా పచ్చ, పసుపు, ఎరుపు దీపాలు పెట్టమని. పెట్టను అన్నాను. ఎరుపు వెలిగితే నీరా, ముసలితనమా అన్నది దీపం చెప్పదు. బదులుగా తెర మీద కొత్త ఆయిల్ విలువ, ఇప్పటి విలువ, ఉష్ణోగ్రత మూడూ పెద్ద అంకెలతో చూపిస్తున్నాను. ఆయన చేతిలో అది ఒక నెల నడిచాక ఏ సంఖ్య దగ్గర ఇంజన్ విప్పాలో ఇద్దరం కూర్చుని హద్దు రాస్తాం. నవంబరులో బాబాయి ఇంజన్‌కు జింకు యానోడ్లు (ఇంజన్‌కు బదులు తాము తుప్పుపట్టి దాన్ని కాపాడే ముక్కలు) మార్చేటప్పుడు ఎగ్జాస్ట్ కవర్ బోల్టుల చుట్టూ తెల్లపొడి ఉందేమో చూడాలి, ఉంటే అదే రోజు ఉప్పు పరీక్ష.